తలుపు వెనక ఉప్పుపొన్న

ఆ రోజు ఇంట్లో ఉన్నది కాసులమ్మ, ఆమె కోడలు సత్యవేణి, మనవరాలు నూకరత్నం, రేపో మాపో ఈనబోయే మేక, బుట్ట కింద కమ్మిన కోడిపిల్లలు, తలుపు వెనక నేను. ఉండవలసినవాడు ఒకడు లేడు. అతను లోవరాజు. కాసులమ్మ కొడుకు, సత్యవేణి మొగుడు, నూకరత్నం నాన్న. ముందురోజు పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్ళాడు. తుఫాను కబురు విని మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. అతనిది రాలేదు.

నేను ఒక అడ్డగడియను. తలుపు మూశాక లోపలి వైపు అడ్డంగా దించే కొయ్యను. మనుషులు రోజూ నన్ను ముట్టుకుంటారు గాని ఒక్కనాడూ చూడరు. కొత్త ఇల్లు కట్టినవాళ్ళు తలుపు మీది నగిషీ చూపిస్తారు, తాళం కప్ప చూపిస్తారు. గడియను చూపించినవాళ్ళు ఎవరూ లేరు. దానికి నాకేమీ బాధ లేదు. బాధల్లా ఒక్కటే. ఆ రోజు ఆ తలుపుకు అందరికన్నా దగ్గరగా ఉన్నది నేను. బయట ఎవరు పిలిచారో, ఎవరు పిలవలేదో నాకు తెలుసు. ఆ ఒక్క మాట కోసం రత్నం ఇప్పటికీ ఏడుస్తోంది. చెప్పడానికి నాకు నోరు లేదు.

పుట్టినప్పుడు నేను గడియను కాదు. గోదారి సముద్రంలో కలిసే చోట మొల్లేటిలంక అనే ఊరుంది. ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న మడ అడవిలో నేనొక ఉప్పుపొన్న చెట్టును. మా జాతిలో ఒక వింత ఉంది. మా విత్తనం తల్లి కొమ్మ మీద ఉండగానే మొలకెత్తుతుంది. మునక్కాడలా పొడుగ్గా వేలాడి, ఇక బతకగలనని అనిపించాక కిందికి దూకుతుంది. కింద బురద ఉంటే గుచ్చుకుని నిలబడుతుంది. పోటు నీళ్ళుంటే ఎటో కొట్టుకుపోతుంది. నేను నీళ్ళలో పడ్డాను. ఎటో పోతున్నదాన్ని కాసులమ్మ పట్టుకుంది.

అప్పుడామె పడుచు పిల్ల. అంతకు ముందు వచ్చిన ఉప్పెనలో ఆమె పుట్టింటివాళ్ళంతా పోయారు. ఆమె ఒక్కతే మడచెట్ల వేళ్ళలో జుట్టు చిక్కుకుని ఆగిపోయింది. నీళ్ళు తీశాక మనుషులు వచ్చి, జుట్టు కత్తిరించి ఆమెను విడిపించారట. అప్పటి నుంచి పాటు పెట్టి నీళ్ళు వెనక్కి పోయినప్పుడల్లా ఆమె మోకాలి లోతు బురదలోకి దిగి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన మొలకలు ఏరి నాటేది. ఇంట్లో ఎవరు పుట్టినా వాళ్ళ పేరున ఒకటి నాటేది. నన్ను నాటింది లోవరాజు పుట్టిన నెలలో. పచ్చి బాలింతరాలు బురదలో దిగిందని వాళ్ళ అత్తగారు ఒడ్డు మీద నిలబడి తిడుతూనే ఉంది. కాసులమ్మ వినిపించుకోకుండా నా మొదట్లో మడమతో బురద అదిమింది.

"ఆడూ నువ్వూ ఒక ఈడోళ్ళు. ఒకల్నొకలు సూసుకోండి" అంది నాతో.

అలాగే చూసుకున్నాం. వాడు పాకే రోజుల్లో నేను ఇంకా రెండాకుల దాన్ని. వాడు బడి ఎగ్గొట్టి పీతలు పట్టే వయసుకు నేను కొమ్మల నుంచి కాళ్ళు దించి బురదలో పాతుకున్నాను. వాడు ఆ కాళ్ళ మధ్య దూరి, తల్లికి దొరక్కుండా దాక్కునేవాడు. రొయ్య పిల్లలు కూడా అక్కడే దాక్కునేవి. పెద్ద చేపల నుంచి రొయ్యపిల్లల్ని, కాసులమ్మ నుంచి లోవరాజును ఎంతకాలం దాచానో లెక్కలేదు.

ఊళ్ళో మాకు పెద్ద మర్యాదేమీ లేదు. మా పువ్వు జడలో పెట్టుకోరు. మా కాయ తినరు. మా దగ్గరికి వస్తే చెప్పులు బురదలో ఉండిపోతాయి. గాలివానలు వచ్చేవి, పోయేవి. అంత ఎత్తున లేచిన నీళ్ళు మా కాళ్ళ మధ్యకు వచ్చేసరికి పరుగు మాని నడిచేవి. ఊళ్ళోకి చేరేసరికి ముగ్గు చెరిపేంత మాత్రమే ఉండేవి. ఈసారి తుఫాను పెద్దది కాదులే అనుకుని మనుషులు నిద్రపోయేవారు. తుఫాను పెద్దదో చిన్నదో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మడ అడవి ఇవతలి అంచున గంగమ్మ గుడి ఉంది. సముద్రం వైపు ముఖం. దాన్ని ఆనుకునే కాసులమ్మ ఇల్లు. గుడి కట్టినప్పుడు ఎదురుగా ఉన్నదంతా బురదే. అమ్మవారికి నేరుగా సముద్రం కనిపించేది. కాసులమ్మ నాటిన మేమంతా పెరిగి పెద్దవాళ్ళమయ్యాక కనిపించడం మానేసింది.

ఒక ఏడు వేట బాగా తగ్గిపోయింది. ఆ ఏడే సత్యవేణి తమ్ముడు వీరబాబు పడవతో సహా తిరిగి రాలేదు. జాతర ముందు ఊరంతా గుడి దగ్గర కూర్చుంది. నేను ముందు వరసలో ఉన్నదాన్ని కనక అంతా విన్నాను. కులపెద్ద భైరవస్వామి లేచాడు.

"తప్పు మనదేనర్రా. అమ్మ కళ్ళ ముందు మనమే తెర కట్టేశాం. పడవ ఎక్కడుందో, అల ఎటు లేత్తందో ఆ తల్లికి కనపడద్దా? గుడి కాడి నుంచి సముద్రం దాకా తిన్నగా ఒక దారి కొట్టేద్దాం. అమ్మ సూపుకి అడ్డం ఉండకూడదు."

అందరూ తలలూపారు. కాసులమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"బైరవసామీ, నువ్వు నాకు వరసకి మరిదివి కాబట్టి మొకం మీదే సెబుతున్నాను. అమ్మకి సముద్రం కనపడితే, సముద్రానికి మనం కనపడతాం. అది ఆలోసించావా?"

"కాసులమ్మొదినకి మొగుడికన్నా మడే ఎక్కువ!" అన్నాడు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

"మీ అన్న ఉన్నప్పుడూ అంతేరా. ఆయనకీ తెలుసు" అంది కాసులమ్మ. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వులో ఆమె అడిగిన మాట కొట్టుకుపోయింది.

నవ్వనిది సత్యవేణి ఒక్కతే. "మా వీరబాబుని అమ్మ సూసుంటే ఒగ్గేసేదా అత్తా?" అంది. "రేపు నీ కొడుకుని కూడా సూడకపోతే?"

 ఆ సమయంలోనే కాసులమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ రత్నం మెల్లగా, "మామ్మా, సెట్లెందుకు కొట్టడం? అమ్మోరినే పడవెక్కించి సముద్రం సూపించి తీసుకొత్తే సరిపోదా?" అంది.

కాసులమ్మ ఆగి మనవరాలి ముఖంలోకి చూసింది. "ఏదీ, గట్టిగా సెప్పవే. అందరికీ వినపడేలా సెప్పు."

అందరూ ఇటు తిరిగారు. రత్నం ముఖం కొంగులో దాచేసుకుంది. ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. బడిలో హాజరు పలకడానికే గొంతు రాని పిల్ల ఊరందరి ముందు ఏం చెబుతుంది? కాసులమ్మే ఆ మాట చెప్పింది గాని, మడ కోసం ముసల్ది కొత్త ఎత్తు వేసిందనుకున్నారు.

చెట్లు కొట్టే రోజున మాకు పసుపు రాసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టారు. మనుషుల్లో ఈ మంచితనం ఉంది. నరికే ముందు తప్పకుండా దణ్ణం పెడతారు. నా వంతు వచ్చేసరికి గొడ్డలి లోవరాజు చేతిలో ఉంది. అతను తల్లి వైపు చూశాడు.

"అమ్మా, ఇది నాతో నాటిందే కదా."

"అదే. ఎవుడో కొట్టే బదులు నువ్వే కొట్టు" అంది కాసులమ్మ. ఏడవలేదు. నేను పడ్డాక ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నన్ను ఇంటికి ఈడ్పించింది. నా బెరడు ఉడకబెట్టి లోవరాజు వలలకు రంగు వేశారు. నడుము కర్రను వడ్రంగి చిత్రిక పట్టి తలుపుకు గడియ చేశాడు. అన్నాళ్ళు నిలువుగా నిలబడ్డదాన్ని ఆనాటి నుంచి అడ్డంగా ఉన్నాను. చుట్టూ నావాళ్ళు లేరు. గోడలో రెండు గూళ్ళు మాత్రం ఉన్నాయి.

నిజం చెప్పాలి. దారి కొట్టిన మరుసటి ఏడు వేట బాగుంది. గుడి ముందు అద్దాల పెట్టెలో వెలిగించిన దీపం, అమ్మ చూపు కోసం కొట్టిన ఆ చూపుదారి వెంట సముద్రం మీదికి కనిపించేది. చీకటి పడితే పడవలు దాన్ని చూసుకుని ఇంటికి వచ్చేవి. సత్యవేణి ముఖంలో మళ్ళీ నవ్వు కనిపించింది. రోజూ సాయంత్రం తనే వెళ్ళి దీపం పెట్టేది. మొగుడి పడవ గోదారి మొగలోకి తిరిగిందని ఎవరైనా కేకేస్తే, వచ్చి తలుపు తీసే దాకా ఆగలేక బయట నుంచే "రత్నా, మీ అయ్యొచ్చేశాడే!" అని పిలిచేది. ఆ గొంతుకు నేను వణికేదాన్ని. అంత గట్టి గొంతు.

కాసులమ్మ మాత్రం పాటు పెట్టగానే చూపుదారిలోకి దిగి, మొద్దుల మధ్య మళ్ళీ మొలకలు నాటేది. మర్నాడు పొద్దున్నే సత్యవేణి వెళ్ళి పీకేసేది. ఇద్దరూ దాని గురించి ఇంట్లో మాట్లాడుకునేవారు కాదు. ఒకసారి మాత్రం గుమ్మంలోనే ఎదురుపడ్డారు. ఒకరి చేతిలో నాటవలసిన మొలకలు, ఇంకొకరి చేతిలో పీకేసినవి.

"నీకేం కోపం లేదు కదా అత్తా" అంది సత్యవేణి. "నువ్వు ఆణ్ణి కన్నావు. కాని ఆడు తిరిగొత్తాడో రాడో అని ఈ గుమ్మంలో కూకునేది నేను."

"తెలుసే పిల్లా. నేనూ కూకున్నదాన్నే" అంది కాసులమ్మ. చేతిలో మొలకలు గోడకు ఆనించి, కోడల్ని కూర్చోబెట్టి తల దువ్వింది. సాయంత్రం వెళ్ళి మొలకలు నాటింది. పొద్దున్న సత్యవేణి పీకేసింది.

ఇక ఆ రోజు.

పొద్దుటి నుంచి ఊళ్ళోవాళ్ళు పడవల మీద కాలవ దాటి, గట్టు మీది తుఫాను షెల్టరుకు వెళ్ళిపోతున్నారు. మొగుడు రాకుండా కదలనంది సత్యవేణి. కోడల్ని వదిలి రానంది కాసులమ్మ. భైరవస్వామి రెండుసార్లు వచ్చి తిట్టి వెళ్ళాడు. ఆఖరి పడవ వాళ్ళ కోసం ఆగి, ఇక ఆగలేక వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికే సందె చీకటి పడ్డట్టయింది. పెంకులు లేచిపోతున్నాయి. సత్యవేణి ఉన్నట్టుండి అగ్గిపెట్టె కొంగులో చుట్టుకుంది.

"ఇంత చీకట్లో ఆడికి దారి కనపడదు. దీపం పెట్టేసి వత్తాను."

"వద్దే. ఈ గాలికి దీపం నిలుత్తాదా?" కాసులమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేను అడ్డం నిలబడతాను" అని చెయ్యి విడిపించుకుంది సత్యవేణి. గుమ్మం దాటుతూ కూతురి వైపు తిరిగింది. "గాలి లోపలికొత్తే కప్పు లేచిపోద్ది. నేనెల్లగానే గడియ వేసెయ్యి. వచ్చాక పిలుత్తాను. అప్పుడు తియ్యి."

తల్లి వెనకే రత్నం తలుపు మూసింది. రెండు చేతులతో నన్ను ఎత్తి గూళ్ళలోకి దించింది. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. చెవి తలుపుకు ఆనించి, తల్లి పిలుపు కోసం అలాగే నిలబడింది.

నేను చూసింది, విన్నది చెబుతాను. మొదట అడుగుల చప్పుడు గుడి వైపు పోయింది. కొంతసేపటికి తలుపు సందులోంచి సన్నగా ఒక పసుపు గీత వచ్చి నా మీద పడింది. దీపం వెలిగింది. ఆ గాలిలో ఆ దీపం ఒక్క నిమిషం కూడా తనంతట తాను నిలవదు. కాని అది ఆరలేదు. ఆమె కొంగు పట్టుకుని దానికి అడ్డంగా నిలబడే ఉంది. తర్వాత చూపుదారి వైపు నుంచి గాలి చప్పుడు కాని ఇంకో చప్పుడు వచ్చింది. అది నాకు తెలిసిన చప్పుడే. చెట్టుగా ఉన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను. అప్పుడు అటూ ఇటూ నావాళ్ళు ఉండేవారు. ఇప్పుడు ఆ నీళ్ళకు అడ్డం ఎవరూ లేరు. తిన్నగా, మనుషులు కొట్టి ఇచ్చిన దారిలో అడుగు తప్పకుండా వచ్చాయి. నీళ్ళు గుడిని తాకేదాకా ఆ పసుపు గీత నా మీద ఉంది. తలుపు మీద చెయ్యి పడలేదు. గొంతు వినిపించలేదు.

ఆమె పిలవలేదు. పిలవడానికి తిరిగి రాలేదు.

నేను విరగలేదు. తలుపూ విరగలేదు. మమ్మల్ని పట్టుకున్న గోడే కూలింది. తలుపూ ద్వారబంధమూ నేనూ కలిసి ఒక ముక్కగా తేలాం. కాసులమ్మ మనవరాలిని జుట్టు పట్టుకుని మా మీదికి లాగింది. నీళ్ళు మమ్మల్ని పక్కకు, కొట్టకుండా మిగిలిన మడలోకి తోశాయి. అక్కడ నావాళ్ళు కాళ్ళు చాచి పట్టుకున్నారు. నీళ్ళు మళ్ళీ నడవడం మొదలుపెట్టాయి. రత్నం నన్ను కౌగిలించుకునే ఉంది. ముసలామె తన జుట్టును ఒక వేరుకు ముడేసుకుంది.

లోవరాజు మర్నాడు వచ్చాడు. నడుచుకుంటూ వచ్చాడు. సముద్రం పొంగుతుందని తెలియగానే ఎగువన ఉన్న మడ కాలవలోకి పడవ దూర్చి, చెట్లకు తాళ్ళు కట్టుకుని కూర్చున్నాడట. చిన్నప్పుడు దాక్కున్నట్టే. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు అతనికి. గుడి దీపం చూడనేలేదు. ఆ సమయానికి అసలు సముద్రం వైపే లేడు. సత్యవేణి గుడి వెనక ఇసుకలో దొరికింది. అగ్గిపెట్టె ఇంకా కొంగున ముడేసి ఉంది. లోవరాజు ఆ ముడి విప్పలేక, ఎవరినీ విప్పనివ్వక, చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు.

చూపుదారికి ఎదురుగా ఉన్న ఇళ్ళే పోయాయి. మడ వెనక ఉన్న ఇళ్ళకు పెంకులు లేచాయి, అంతే.  ఒకరోజు భైరవస్వామి వచ్చి, కాసులమ్మ ముందు తలపాగా తీసి నిలబడ్డాడు. "వదినా, మొలకలు ఎలా గుచ్చాలో సూపించు" అన్నాడు. ఆమె చూపించింది. మొన్న జాతరకు అమ్మవారిని పడవెక్కించి సముద్రం చూపించి తీసుకొచ్చారు. ఊరంతా ఎంత బాగుందో అనుకున్నారు. ఇది ఎవరికి తట్టిందని అడిగినవాళ్ళు లేరు. రత్నం ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు వాళ్ళుండేది గట్టు దగ్గర కొత్తగా ఇచ్చిన ఇంట్లో. దానికి రేకు తలుపు, ఇనుప గడియ ఉన్నాయి. నాతో పని లేదు. అయినా రత్నం నన్ను తెచ్చి మూల నిలబెట్టింది. ఇన్నాళ్ళకు మళ్ళీ నిలువుగా ఉన్నాను. ఆ పిల్ల ఇప్పుడు తలుపు మూయనివ్వదు. పగలు కుక్కలు వస్తాయి, రాత్రి ఇసుక వస్తుంది.  లోవరాజు లేచి కుక్కను తోలి, ఇసుక ఊడ్చి, మళ్ళీ తెరిచే ఉంచుతాడు. రత్నం అడిగేది ఒక్కటే. "అమ్మ పిలిసిందా మామ్మా?" కాసులమ్మ చెప్పేది ఒక్కటే. "లేదే." రత్నం నమ్మినట్టు తల ఊపుతుంది. మర్నాడు మళ్ళీ అడుగుతుంది.

ఈ సాయంత్రం గాలి ఎక్కువగా ఉంది. లోవరాజు వేటకు వెళ్ళాడు. రత్నం గుమ్మం బయట నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేలితో నా మీద గీతలు రాస్తూ మళ్ళీ అడిగింది.

"పిలిసిందేమో మామ్మా. గాలికి నాకు వినపడలేదేమో."

కాసులమ్మ ఈసారి లేదని చెప్పలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

"ఇదిగో, మొన్నటి ఉప్పెనలో నీళ్ళెక్కిన కాడి నుంచీ నా సెవుల సంగతి నీకు తెలుసు కదా. పక్కన కూకుని అరిసినా సగం వినపడి సావదు. నేను లోపలికెల్లి తలుపేసుకుంటాను. నువ్విక్కడ నిలబడి పిలు. మీ అమ్మ ఎలా పిలిసేదో అలా పిలు. ఈ సెవిటిదానికి వినపడితే, ఆ రోజు నీకూ వినపడి ఉండేదే. నాకు వినపడకపోతే, ఇంక ఎప్పుడూ లేదని సెప్పను. సరేనా?"

రత్నం లేచింది. నన్ను గుండెకు హత్తుకుంది. దాని వేళ్ళు ఆనాటిలాగే చల్లగా ఉన్నాయి. గొంతులో ఏదో కదలడం నాకు తెలుస్తోంది.

ఇన్నేళ్ళూ నేను తలుపుకు లోపలి వైపే ఉన్నాను. మూసిన తలుపు బయట నుంచి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.

"గట్టిగా పిలవాలి మరి" అంటూ కాసులమ్మ లోపలికి వెళ్ళి తలుపు మూసింది.